మల్లప్ప నాలుగు మాత్రలు

పంతొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం. మాఘం దాటిన దగ్గర్నుంచి ప్రతి మంగళవారం పొద్దుటి ప్యాసింజరులో వికారాబాదు నుంచి తాండూరుకు ఇద్దరు వచ్చేవారు. తోలు సంచీ ఊపుకుంటూ డాక్టర్ మహేందర్ ముందు దిగేవాడు. గాజు గొట్టాల పెట్టెను రెండు చేతులా పొట్టకు ఆనించుకుని మార్త వెనక దిగేది. ఆ పెట్టె ఆమె ఇంకొకరికి ఇవ్వదు. హమాలీకి కూడా ఇవ్వదు. పదకొండేళ్ళు ఆస్పత్రి వార్డులో మలం కుండలు మోసిన చేతులవి. ల్యాబులోకి వచ్చి మూడేళ్ళే అయింది.

స్టేషను వెనక నాపరాళ్ళు పరిచిన రెండు గదుల ఇల్లే వాళ్ళ మంగళవారపు దవాఖానా. బయటి బల్ల మీద పన్నెండు మంది మగవాళ్ళు వరసగా కూర్చుంటారు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో సీసా. అందరికీ చక్కెర జబ్బే. సూది అక్కర్లేకుండా చక్కెరను దించే కొత్త మాత్ర విలాయతు నుంచి వచ్చింది. అది మన పల్లెటూరి మనుషుల మీద ఎట్లా పనిచేస్తుందో చూసి రాయడం డాక్టరు పని. చూపించడం మార్త పని.

ఆమె గొట్టంలో ఐదు మిల్లీల నీలిమందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం లెక్కపెట్టి వేస్తుంది. ఏడు కాదు, తొమ్మిది కాదు. పట్టకారుతో పట్టుకుని, మూతిని మనుషుల వైపు కాకుండా గోడ వైపు తిప్పి, స్పిరిటు దీపం మీద మరగనిస్తుంది. నీలం నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చకు తిరిగితే కొంచెం, పసుపైతే ఇంకొంచెం. ఇటుక రంగుకు వచ్చిందంటే మనిషి లోపల్నుంచి కరిగిపోతున్నట్టు లెక్క.

ఆ మంగళవారం మల్లప్ప గొట్టం లేత ఆకుపచ్చ దగ్గర ఆగింది. డాక్టరు దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూసి పిల్లాడిలా సంబరపడ్డాడు.

"చూసినవా మార్తా! మూడు వారాల కింద ఇటుక రంగు. రోజుకు రెండు మాత్రలు గోడకు కొట్టిన సున్నమే అయినయి. నాలుగు చేసినం, దారికొచ్చింది." మల్లప్ప వైపు తిరిగాడు. "ఏమయ్యా, నాలుగూ మింగుతున్నవా?"

బషీరాబాదు పక్కపల్లె గొర్రెల కాపరి మల్లప్ప. భుజం మీది గొంగడి సర్దుకుని నేల చూశాడు. "నాలుగూ అయిపోతున్నయ్ దొరా."

అది అబద్ధం కాదు. అందుకే మార్త తల దించుకుని తర్వాతి గొట్టం అందుకుంది.

"ఇగ ఒక్కొక్కరికీ నాలుగు చేసుకుంట పోదాం," అన్నాడు డాక్టరు. "వచ్చే మంగళవారం ముందు బిచ్చయ్యకు. వచ్చే నెల బొంబాయిల పెద్ద డాక్టర్ల సభ ఉంది. అప్పటికి నా చేతుల అంకెలు ఉండాలె."

బిచ్చయ్య మల్లప్పకు చిన్నాయన. అరవై దాటిన మనిషి, ఎండుకట్టె. పెళ్ళాం పోయి పదేళ్ళు, పిల్లల్లేరు. మంద వెంట పోతే ఒకపూట జొన్న గటక తాగి రెండో పూట మరిచిపోయే రకం. రెండు మాత్రలతోనే ఆయన గొట్టం లేత పసుపుకు వచ్చింది.

"ఆయన మస్తు బక్కగున్నడు సార్," అంది మార్త గొట్టం కడుగుతూ. "నాలుగు తట్టుకుంటడా?"

"మల్లప్ప తట్టుకుంటలేడా? రంగు చూసుడు నీ పని. మందు సంగతి నాకు విడిచిపెట్టు."

డాక్టరు కసరలేదు, నవ్వుతూనే అన్నాడు. అయినా మార్త చెవులు వేడెక్కాయి.

ఆయన స్టేషను హోటలుకు చాయ్‌కి వెళ్ళగానే వెనక తలుపు కిర్రుమంది. రుక్కమ్మ, మల్లప్ప భార్య. కొంగు కింద నుంచి, మూత్రం పట్టి తెచ్చిన పాత మందు సీసా తీసి గుమ్మం మీద పెట్టింది. ఆరు వారాల నుంచీ జరుగుతున్న తంతే ఇది. మొదటి రోజు ఆమె కూడా మొగుడి వెనకే బల్ల మీద కూర్చుంది. డాక్టరు లేపి పంపించేశాడు. ఆడవాళ్ళకు నెలనెలా ఒంట్లో రసాలు మారుతుంటాయి, ముట్లుడిగే వయసులో ఇంకా మారతాయి, వాళ్ళ అంకెలు కుదురుగా నిలబడవు, పరిశోధన పాడవుతుంది అన్నాడు. చదువుకున్నవాడు, తప్పని ఎవరంటారు? ఆ రోజే రుక్కమ్మ వెనక తలుపు దగ్గరకు వచ్చి, "జర నాది గూడ చూడు అక్కా, ఏం రంగొస్తదో," అంది. చూస్తే ఇటుక రంగు. మార్త కిటికీలోంచి చూస్తే, బయట బండ మీద మల్లప్ప మాత్రను పెట్టి, రాయితో మెల్లిగా తట్టి రెండు ముక్కలు చేస్తున్నాడు. ఒక ముక్క తన నోట్లో, ఒక ముక్క పెళ్ళాం చేతిలో. మార్తకు అంతా అర్థమైంది. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు.

ఇప్పుడు నాలుగిస్తే ఇద్దరూ రెండేసి తింటున్నారు.

రుక్కమ్మ గొట్టం కూడా ఆకుపచ్చకే వచ్చింది. మార్త సంచీలోంచి దూది పెట్టె అట్టముక్క తీసి, పెన్సిలుతో ఆరో గీత కింద తేదీ రాసి, రంగు రాసింది. ఎందుకు రాస్తున్నదో ఆమెకే తెలియదు. చేసిన పరీక్ష రాయకపోతే చేతులు ఊరుకోవు, అంతే.

"కాలు చూపియ్యి."

రుక్కమ్మ ఎడమ పాదం ఎత్తింది. రెండు నెలల కింద ముల్లు దిగి, చీము పట్టి, వేలు నల్లబడబోయిన కాలు. ఇప్పుడు పుండు అంచుల నుంచి కొత్త చర్మం లోపలికి పాకుతోంది. మధ్యలో రూపాయి బిళ్ళంత మిగిలింది.

"మంచిగైతున్నది గదా అక్కా?"

"అయితున్నది."

బిచ్చయ్య మాట మార్త నోటిదాకా వచ్చింది. చెబితే రుక్కమ్మ ఏం చేస్తుందో తెలియదు. డాక్టరుకు తెలిస్తే మాత్రం ఈమెకు మాత్రలు ఆగిపోతాయి, ఆ కాలు మళ్ళీ నల్లబడుతుంది. మార్త మాట మింగేసి, దీపం ఆర్పేసింది.

గురువారం వికారాబాదు వార్డులో యోబుకు సోయి తప్పింది.

చక్కెర జబ్బుకు సూది వేయించుకుంటున్న ముసలి పంతులాయన యోబు. పొద్దున సూది పడింది, గంజి వద్దని గోడకు తిరిగి పడుకున్నాడు. పది గంటలకు మార్త అటుగా పోతుంటే మంచం గజగజ ఊగుతోంది. చొక్కా నీళ్ళలో ముంచి తీసినట్టుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ మనిషిని గుర్తుపట్టడం లేదు. నర్సు చక్కెర నీళ్ళు కలిపింది. మార్త ఆయన తల ఒళ్ళో పెట్టుకుని దవడ నొక్కి చెంచా చెంచాగా పోసింది. పావుగంటకు యోబు కళ్ళు తిప్పి, "నేనెక్కడున్న?" అన్నాడు.

"మంచం మీదనే ఉన్నవు తాతా," అంది మార్త. ఆయన చెమట తుడిచి, గంజి గిన్నె మళ్ళీ దగ్గరికి జరిపింది.

చక్కెర ఎక్కువైతే మనిషి నెలల మీద చస్తాడు. తక్కువైతే పూటలో చస్తాడు. ఈ సంగతి ఆమె ఏ పుస్తకంలోనూ చదవలేదు, వార్డులో నేల తుడుస్తూ నేర్చుకుంది. బిచ్చయ్య నాలుగు మాత్రలు వేసుకుని మంద వెంట పోతాడు. గటక తాగడు. ఏ కంది చేను గట్టు మీదో చెమటలు పట్టి కూలబడితే, చుట్టూ ఉండేవి గొర్రెలే కదా. చక్కెర నీళ్ళు ఎవరు పోస్తారు?

శుక్రవారం హైదరాబాదు నుంచి మాత్రల డబ్బా వచ్చింది. కాగితం ముక్కలు కోసి, వారానికి సరిపడా పొట్లాలు కట్టడం మార్త పనే. పదకొండు పొట్లాలు కట్టింది. బిచ్చయ్య పేరు రాసిన కాగితం మీద ఇరవై ఎనిమిది మాత్రలు పరిచి, మడవకుండా కూర్చుంది. లేచి డాక్టరు గది తలుపు దగ్గర నిలబడింది.

"ఏం మార్తా?" ఆయన తల ఎత్తలేదు. బొంబాయి సభకు రాసుకుంటున్నాడు.

"బిచ్చయ్య సంగతి సార్. ఒంటరి మనిషి. యాళ్ళకు తినడు. నిన్న యోబు తాతకు అయినట్టు అయితే..."

"యోబుది సూది. ఇది మాత్ర. రెండింటికీ ఫరక్ ఉంది." కలం ఆపి, కళ్ళద్దాలు తీశాడు. "అసలు మల్లప్ప అంకెల మీద నీకేమన్నా శక్ ఉన్నదా?"

అడిగాడు. సూటిగా అడిగాడు. ఔనంటే రుక్కమ్మ కాలు పోతుంది. అంతేనా? మార్త తనకు తాను అబద్ధం చెప్పుకునే మనిషి కాదు. ఔనంటే తన గొట్టాలు కూడా పోతాయి. దొంగచాటుగా ఆరు వారాలు దవాఖానా నీలిమందు వాడినదాన్ని ల్యాబులో ఎవడుంచుకుంటాడు? మళ్ళీ చీపురు, మళ్ళీ కుండలు. ఆ భయం రుక్కమ్మ మీది జాలికి వెనక నక్కి కూర్చుంది. దాన్ని చూసి ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

"లేదు సార్," అంది.

పన్నెండో పొట్లం కట్టేసింది.

మంగళవారం తాండూరులో ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. పన్నెండు గొట్టాలు మరిగాయి, పన్నెండు రంగులు కాగితం మీదికి ఎక్కాయి. డాక్టరు పొట్లాలు పంచడం మొదలుపెట్టాడు. మల్లప్ప పక్కన ఆ రోజు రుక్కమ్మ కూడా నిలబడి ఉంది. వెనక తలుపు దాకా పోయే వేళ ఇంకా కాలేదు.

"బిచ్చయ్యా, ఇయ్యాల్టి నుంచి నీకు పొద్దున రెండు, పొద్దుగూకి రెండు. పొద్దుటియి ఇక్కడ్నే మింగు, నేను చూస్త."

బిచ్చయ్య పొట్లం విప్పి రెండు మాత్రలు అరచేతిలో వేసుకున్నాడు. "నాలుగా దొరా?"

"మల్లప్పకు గుణమిచ్చింది నాలుగే. నీకూ ఇస్తది."

"పొద్దుగాల ఏమన్న తిన్నవా బిచ్చన్నా?" మార్త గొంతు తగ్గించి అడిగింది.

"సోమారం ఒక్కపొద్దుంటి బిడ్డా. నిన్నటి సంది ఏం ముట్టలే. ఇగ ఇంటికి పోయినంక." ఆయన చేయి నోటి దగ్గరకు లేచింది.

 ఇప్పుడు అనాలి, ఈ గడియలో అనాలి, అనుకుంటూనే ఉంది మార్త. ఆ చేతిని గాలిలో పట్టుకున్నది రుక్కమ్మ. మామ మణికట్టు కోడలు పట్టుకోవడం ఆ కులంలో కాని పని. బల్ల మీది మగవాళ్ళంతా నోళ్ళు తెరిచారు.

"వద్దు మామా! మింగకు. మీ అన్న కొడుకు తినేది నాలుగు గాదు, రెండే. కడమ రెండు నేను తింటున్న. దినాం నాలుగు ఎవలూ తిని చూడలే, అందుల నువ్వు ఉపాసమున్నవు."

బిచ్చయ్య మాత్రల చేయి కిందికి దించాడు.

డాక్టరు ముందు అర్థం కానట్టు చూశాడు. అర్థమయ్యాక ముఖం జేవురించింది. "ఏందిది మల్లప్పా?"

మల్లప్ప భయపడ్డాడు కానీ సిగ్గుపడలేదు. తను చేసిన తప్పేమిటో నిజంగానే ఆయనకు తెలియలేదు. "గొర్లల ఒక్కదానికి రోగం అగుపడ్తె, దానికొక్కదానికే మందు పోస్తమా దొరా? అన్నిటినీ దడిల నిలవెట్టి, వరసవెట్టి గొట్టంతోని పోస్తం. ఒక్కదానికి పోసి కడమయి విడిస్తె సస్తయి గద. ఇంట్ల ఇద్దరికీ ఒక్కతీరు బీమారి. నేనొక్కన్నెట్ల తిందు?"

"నాలుగూ మింగుతున్నవా అని అడిగిన గదా?"

"నాలుగూ అయిపోతున్నయంటి. అయిపోయినయి."

డాక్టరు కలం తీసి మల్లప్ప పేరు మీద అడ్డంగా గీత కొట్టాడు. కాగితం చిరిగింది. ఆరు వారాల అంకెలు బూడిదలో పోసిన పన్నీరు. బిచ్చయ్య చేతిలోంచి మాత్రలు లాక్కుని, ఒకటి తిరిగిచ్చి, "ఎప్పటిలెక్కనే, పూటకొకటి," అన్నాడు. ముసలాయనకు ఏం తప్పిపోయిందో తెలియదు. బుర్ర ఊపి, ఆ ఒక్కటీ అన్నం తిన్నాక వేసుకుంటానని పొట్లంలో దాచుకున్నాడు.

అప్పటికి డాక్టరు కోపం ఇంకో దారి పట్టింది. ఆయనలోని వైద్యుడి కంటే పరిశోధకుడు తొందరగా తేరుకున్నాడు. "నీకు చక్కెర ఉన్నదని ఎవలు చెప్పిన్రు?"

రుక్కమ్మ మార్త వైపు చూడలేదు. కన్నెత్తి కూడా చూడలేదు. "చీమలు చెప్పినయి. నేను పోసినకాడ చీమలు పడ్తున్నయి."

మార్తకు ఏడుపు ముంచుకొచ్చింది. తను ఈమెను కాపాడుతున్నాననుకుంది ఇన్నాళ్ళూ. ఈమె మామ ప్రాణం కోసం తన మందును క్షణంలో వదిలేసింది, ఇప్పుడు మార్త కొలువును కాపాడుతోంది.

డాక్టరు మార్త చేత రుక్కమ్మ మూత్రం పరీక్ష చేయించాడు. లేత ఆకుపచ్చ. వంగి పాదం చూశాడు, పుండు చుట్టూ వేలితో నొక్కాడు, ముల్లు దిగిన కథంతా రుక్కమ్మ చేత చెప్పించుకున్నాడు. "నల్లబడవట్టిన వేలు గిట్ల మానిందా?" ఆయన కళ్ళలో మెరుపు వచ్చింది, వెంటనే పోయింది. "కానీ ముందు ఎంత చక్కెర ఉండెనో రుజువు లేదు. అసలు ఉండెనో లేదో! లేకుంటె ఇది మాత్ర గొప్పతనమో కాదో ఎట్ల తెలుస్తది? సరే. ఈమెను రాసుకుందాం. మాత్ర పూర్తిగ బందు. నాలుగు వారాలు చూద్దాం. రంగు ఎరుపుకు ఎక్కితె అప్పుడు మళ్ళ మొదలుపెడదాం."

"నాలుగు వారాలంటె..." రుక్కమ్మ తన కాలు చూసుకుంది. "అప్పటిదాక ఇది ఆగుతదా దొరా?"

"చూద్దాం."

చూద్దాం అంటే ఏమిటో మార్తకు తెలుసు. వార్డులో అట్లా చూసి చూసి, చివరికి కోసేసి, బట్టలో చుట్టి ఇచ్చిన పాదాలను తన చేతులతోనే తీసుకుపోయి పూడ్చి వచ్చింది.  మల్లప్ప గొంగడి అంచును పిడికిట్లో నలుపుతున్నాడు.

మార్త తడి చేతులు చీరకు తుడుచుకుంది. గోడకు వేలాడే సంచీ దించి, అట్టముక్క తీసి, డాక్టరు బల్ల మీద పెట్టింది.

"ముందు ఎరుపే సార్. రుజువున్నది."

ఆయన అట్టను తిప్పి చూశాడు. ఆరు తేదీలు, ఆరు రంగులు. మొదటి మూడు ఇటుక రంగు, తర్వాత పసుపు, తర్వాత ఆకుపచ్చ, ఆకుపచ్చ.

"ఇది ఎవలు చేసిన్రు?"

"నేనే సార్. ఎనిమిది చుక్కలే వేసిన. ఒక్కటి తప్పలే."

"అంటే మొదటి వారం నుంచి నీకు తెలుసు. శుక్రవారం నేను అడిగినప్పుడు కూడ తెలుసు."

"తెలుసు సార్."

"ఆ ముసలోడు చచ్చేటోడు."

"చచ్చేటోడు సార్," అంది మార్త.  ఆ మాట ఆమెకు తగిలినంతగా ఆయన తిట్లేవీ తగిలి ఉండేవి కావు.

డాక్టరు అట్టను బల్ల మీద వేళ్ళతో తట్టాడు. తర్వాత కొత్త కాగితం తీసి, పైన పదమూడు అంకె వేసి, రుక్కమ్మ పేరూ ఊరూ రాశాడు. అట్టను పక్కన పెట్టుకుని, ఒక్కొక్క తేదీనే తన చేతిరాతతో దించుకోవడం మొదలుపెట్టాడు. నాలుగో దగ్గర కలం ఆగింది.

"ఇదేంది? పసుపు రాసి కింద చుక్క పెట్టినవు?"

"పసుపుకూ ఆకుపచ్చకూ నడుమ ఉండె సార్. మీ కాగితంల దానికి గుర్తు లేదు."

ఆయన తన కాగితం మీద కూడా చుక్క పెట్టాడు. ఆరో వరస నిండాక పద్నాలుగు మాత్రలు లెక్కపెట్టి, పొట్లం కట్టి రుక్కమ్మ చేతిలో పెట్టాడు. ఇంకో పద్నాలుగు మల్లప్పకు. "ఎవలియి వాళ్ళే తినాలె. సమజైందా?" అన్నాడు. అట్టముక్కను తన తోలు సంచీలో పెట్టుకున్నాడు. అదంతా అయ్యాక, సంచీ బిగిస్తూ, మార్త వైపు చూడకుండానే అన్నాడు.

"రేపటి నుంచి నువ్వు వార్డుకు పో మార్తా. ల్యాబుకు ఇంకొకరిని చూసుకుంట. నమ్మకం లేనోళ్ళతోని ఈ పని కాదు."

ఆమె రాసిన అంకెలన్నీ నమ్మాడు, ఆమెను తప్ప. మార్తకు నవ్వు రాలేదు.

"సరే సార్."

ఆయన చాయ్‌కి వెళ్ళాడు. బల్ల మీది మగవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. బిచ్చయ్య గటక కోసం ఇంటి దారి పట్టాడు, మల్లప్ప వెనకే నడిచాడు. రుక్కమ్మ మాత్రం పొట్లాన్ని గుప్పిట్లో పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది.

"మల్ల మంగళారం నువ్వు రావా అక్కా?"

"రాను. ఎవరో వస్తరు. నీ పేరు కాయితంల ఉన్నది, పిలుస్తరు. పిలిస్తె ముందటి తలుపుల నుంచి రా."

రుక్కమ్మ కుంటుకుంటూ ఎండలోకి దిగింది. మార్త దీపం ఆర్పి, తొట్టిలో నీళ్ళు పోసి గొట్టాలు కడగడానికి కూర్చుంది. లోపల గుడ్డ పెట్టి తిప్పి, వెలుతురుకు ఎత్తి చూసి, మరక ఉంటే మళ్ళీ కడిగింది. రేపు ఇవి ఎవరి చేతిలో పడతాయో, ఎనిమిది చుక్కలు సరిగ్గా లెక్కపెడతారో లేదో అని ఆమెకు దుఃఖం వచ్చింది. చేతులు తడిగా ఉన్నాయి కాబట్టి మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. ప్రతి మంగళవారం పన్నెండు గొట్టాలు బోర్లించి, పదమూడోదాన్ని తుడిచి ఎవరికీ కనపడకుండా పెట్టె అడుగున పెట్టేది. ఆ రోజు పదమూడూ ఒకే వరసలో బోర్లించింది.